క్రాస్ స్కర్టు కుట్టడం ఎలా: మాడ్లేన్ వియొనే చూపిన దారిలో

ముందుగా మగవాళ్ల చేతిరుమాలు ఒకటి తీసుకోండి. రెండు పక్కలూ పట్టుకుని అడ్డంగా లాగితే పెద్దగా సాగదు, నిలువుగా లాగినా అంతే. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని లాగండి. సాగుతుంది, నడుమ దగ్గర సన్నబడుతుంది, వదిలేస్తే మళ్లీ వెనక్కి వస్తుంది. పడుగు పోగులూ పేక పోగులూ అంతవరకు నిటారుగా ఉన్నవి ఒకదాని మీద ఒకటి వాలడం వల్ల వచ్చే సాగుడు అది. మన టైలర్లు క్రాస్ అనేది దీన్నే. మెడ పైపింగ్‌కి పట్టీలు కోసేదీ, క్రాస్ కట్ జాకెట్టు ఒంటికి అతికినట్టు ఉండేదీ ఇందువల్లే.

పైపింగ్‌కీ కాలర్లకీ క్రాస్ వాడటం ఫ్రాన్స్‌లోనూ పాత సంగతే. మొత్తం గౌనునే క్రాస్‌లో కోసి, అది ఒంటి మీద జారే తీరు చూపించింది మాత్రం పారిస్ ఫ్యాషన్ డిజైనర్ మాడ్లేన్ వియొనే. 1876లో పుట్టింది, పదకొండేళ్లకే కుట్టుపనిలో చేరింది. పద్దెనిమిదేళ్లకు పెళ్లి, ఒక బిడ్డ, ఆ బిడ్డ పోవడం, విడాకులు. తర్వాత లండన్ వెళ్లి అక్కడ కుట్టుపని చేసుకుని బతికింది. 1900 ప్రాంతంలో పారిస్‌కి తిరిగొచ్చి అక్కడి పేరున్న దుస్తుల సంస్థల్లో, ముందు కాలో అక్కచెల్లెళ్ల దగ్గర, ఆ తర్వాత దూసే దగ్గర పనిచేసి, 1912లో సొంత దుకాణం తెరిచింది. ఆడవాళ్లు ఊపిరాడకుండా కార్సెట్ (నడుముని నొక్కిపట్టే బిగుతు లోదుస్తు) బిగించుకునే కాలంలో అది లేకుండానే బట్ట నిలబడాలని పట్టుబట్టిన మనిషి ఆమె. నాకు ఆమె మీద అంత గౌరవం అందుకే.

ఆమె కాగితం మీద బొమ్మలు గీసేది కాదు. మనిషి కొలతలో సగం ఉండే చెక్క బొమ్మకి బట్ట చుట్టి, పిన్నులు గుచ్చి, కోసి చూసేది. మీరూ అసలు బట్ట ముట్టుకునే ముందు ఒక పాత చీర ముక్కతో చిన్న కొలతలో కోసి చూడండి. ఒక గంట పోతుంది కానీ ఖరీదైన క్రేప్ పాడవదు.

ఇక బట్ట. క్రేప్ గానీ మెత్తటి జార్జెట్ గానీ తీసుకోండి, గంజి పెట్టినట్టు బిరుసుగా ఉండేది వద్దు. క్రాస్‌లో ముక్కని మూలగా పెట్టాలి కాబట్టి పన్నా (బట్ట వెడల్పు) చాలక అతుకులు పడతాయి. వియొనే అందుకే మామూలు కంటే బాగా ఎక్కువ పన్నాతో క్రేప్ ప్రత్యేకంగా నేయించుకునేది. మనకు దొరికేది 44 అంగుళాలే కాబట్టి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: ముక్క పొడవూ వెడల్పూ కలిపితే, మార్జిన్‌తో (కుట్టు కోసం వదిలే అంచుతో) సహా, 62 అంగుళాలు దాటకూడదు. సీటు (తుంటి చుట్టూ) కొలత 38 ఉన్నవాళ్లకి ఒక్కో ముక్క పైన 20, కింద 26 వెడల్పు, 28 పొడవు పెట్టుకుని మార్జిన్లు కలిపినా 59 దగ్గర ఆగుతుంది. ముందుదీ వెనకదీ రెండు ముక్కలకీ కలిపి రెండుంపావు మీటర్లు సరిపోతుంది.

కాగితం నమూనా సగం కాదు, పూర్తిగా గీయండి. దాని మధ్య గీత బట్ట అంచుకి సరిగ్గా 45 డిగ్రీలు ఉండాలి. కాగితాన్ని చదరంగా కోసి మూలకి మూల మడిస్తే ఆ మడతే కోణం చూపిస్తుంది. బట్టని మడిచి రెండు పొరలు ఒకేసారి కోయకండి, కింది పొర జరిగిపోతుంది. నేల మీద ఒంటి పొరగా పరిచి, ముందు ముక్క గీత ఎడమకి వాలితే వెనక ముక్క గీత కుడికి వాలేలా పెట్టి కోయండి. రెండూ ఒకేవైపు వాలితే స్కర్టు ఒంటి మీద మెలి తిరుగుతుంది. పక్కల్లో అంగుళం మార్జిన్ వదలండి.

పక్కలు ముందు చేత్తో కచ్చాకుట్టు వేసి, తర్వాత మిషన్ మీద సన్నటి జిగ్‌జాగ్ వేయండి. మామూలు కుట్టయితే బట్ట సాగినప్పుడు దారం పుటుక్కుమంటుంది. నడుముకి ఎలాస్టిక్ చాలు, జిప్పు అక్కర్లేదు. వియొనే గౌన్లు చాలావరకు తల మీదుగా తొడుక్కునేవే.

ఇప్పుడు అందరూ తొందరపడే చోటు. కింద అంచు అప్పుడే మడవకండి. నేను మొదటిసారి కుట్టిన రోజే మడిచేశాను, వారం తిరక్కుండా అంచు కొన్నిచోట్ల రెండు అంగుళాలు కిందికి దిగి, ఎగుడుదిగుడుగా తయారైంది. మళ్లీ విప్పి కోయాల్సి వచ్చింది. కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు, నడుము దగ్గర క్లిప్పులు పెట్టి వేలాడదీయండి. తర్వాత వేసుకుని నిలబడితే, ఇంకొకరు నేల నుంచి స్కేలు పెట్టి చుట్టూ చాక్‌తో గుర్తులు పెట్టాలి. ఈ పని ఒక్కరి వల్ల కాదు. ఆ గుర్తుల మీద కోసి, సన్నగా మడిచి చేతికుట్టు వేయండి.

కుట్టేవాళ్ల గురించి చెప్పకపోతే వియొనే కథ సగమే అవుతుంది. వెయ్యిమందికి పైగా పనిచేసిన ఆమె సంస్థలో జీతంతో సెలవులు, ప్రసవం సెలవు, పిల్లల్ని చూసుకునే గది, డాక్టరు, పళ్ల డాక్టరు ఉండేవారు. చిన్నప్పుడే పనిలో పడ్డ మనిషికి అవన్నీ ఎంత అవసరమో తెలుసు. నకళ్లని ఆపడానికి లేబుల్ మీద తన బొటనవేలి ముద్ర వేసేది. 1939లో సంస్థ మూసేసి, 1952లో తన గౌన్లూ ఫొటో ఆల్బమ్‌లూ పారిస్‌లో దానం చేసింది. 1975లో 98 ఏళ్ల వయసులో కన్నుమూసింది. హాల్‌స్టన్, ఇస్సే మియాకే, గాలియానో లాంటి తర్వాతి తరాల డిజైనర్లు ఆమె కోతని చూసి నేర్చుకున్నవాళ్లే.

స్కర్టు తయారయ్యాక హ్యాంగర్‌కి తగిలించి ఉంచకండి, దిగుతూనే ఉంటుంది. మడిచి బీరువా అరలో పెట్టండి. ఇస్త్రీ చేసేటప్పుడు పెట్టెని క్రాస్‌గా లాగకుండా, పోగు వెంట నొక్కి ఎత్తండి.