సిస్టమ్ కాల్ మాక్రో పెట్టగానే లూపు ఆగడం లేదా?

బెంగళూరు మారతహళ్ళిలోని మా గదిలో ఆదివారాలు అసెంబ్లీ నేర్చుకోవడానికి కూర్చునే తెలుగు పిల్లలు ఇంచుమించు అందరూ ఒకే చోట చిక్కుకోవడం చూశాను కాబట్టి, ఆ చిక్కు గురించే ముందుగా రాస్తున్నాను. ఇక్కడ చెప్పేది 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీది లినక్స్‌కూ, నాస్మ్ అసెంబ్లర్‌కూ వర్తిస్తుంది. సిస్టమ్ కాల్ అంటే ప్రోగ్రాము ఒక పని చేసిపెట్టమని కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, అడగడం; మాక్రో అంటే ఒక పేరు పెట్టి మళ్ళీ మళ్ళీ వాడుకునే ఆదేశాల వరుస.

లక్షణం: "నమస్కారం" అని ఐదుసార్లు చూపవలసిన ప్రోగ్రాము, కంట్రోల్ సీ నొక్కేదాకా చూపుతూనే ఉంటుంది. మాక్రో తీసేస్తే లూపు సరిగ్గా ఐదుసార్లే తిరుగుతుంది, మాక్రోను విడిగా ఒక్కసారి వాడితే అదీ సరిగ్గానే పనిచేస్తుంది.

కారణం: లూప్ అనే ఆదేశం తన లెక్కను ఆర్‌సీఎక్స్ అనే రిజిస్టరులో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటులో) ఉంచుకుంటుంది. మాక్రోలో కెర్నల్‌ను పిలిచే సిస్‌కాల్ ఆదేశం స్టాకును (విలువలను తాత్కాలికంగా దాచే మెమరీని) ముట్టుకోకుండా, తిరిగి రావలసిన చిరునామాను అదే ఆర్‌సీఎక్స్‌లోనూ, ఫ్లాగులను ఆర్11లోనూ దాస్తుంది. అందువల్ల మాక్రో ముగిసేసరికి అక్కడ మన 5 పోయి కోడు చిరునామా కూర్చుంటుంది. మామూలుగా లింకు చేసిన చిన్న ప్రోగ్రాములో అది దాదాపు 42 లక్షలు. లూప్ అందులోంచి ఒకటి తగ్గించగానే మాక్రో మళ్ళీ పాత చిరునామానే నింపుతుంది కనుక సున్నా ఎన్నటికీ రాదు. సాధారణ ఫంక్షన్లకు ఆర్‌సీఎక్స్‌లో ఇచ్చే నాలుగో ఆర్గ్యుమెంటును కెర్నల్‌కు ఆర్10లో ఇవ్వవలసి రావడానికీ మూలం ఇదే. జీడీబీ అనే డీబగ్గర్‌లో సిస్‌కాల్‌కు ముందూ వెనకా ఆర్‌సీఎక్స్ విలువను చూస్తే ఈ సంగతి కళ్ళకు కడుతుంది.

పరిష్కారం: మాక్రోలోనే ఆర్‌సీఎక్స్, ఆర్11లను స్టాకులోకి పుష్ చేసి (దాచి), చివర పాప్ చేయవచ్చు (తిరిగి తీసుకోవచ్చు). కానీ అప్పుడు స్టాకు 16 బైట్లు జరుగుతుంది కాబట్టి, ఆర్‌ఎస్‌పీ (స్టాకు కొనను చూపే రిజిస్టరు) ఆధారంగా ఇచ్చిన బఫర్ (చూపవలసిన అక్షరాలున్న మెమరీ) చిరునామా తప్పిపోతుంది. లెక్కను ఆర్12లోకి మార్చి, డెక్ (ఒకటి తగ్గించు), జేఎన్‌జెడ్ (సున్నా కాకపోతే దూకు) ఆదేశాలతో లూపు రాసుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే సిస్టమ్ కాల్ ఆర్12ను చెరపదు.

మరొక లక్షణం: అక్షరాలను తెర మీద చూపే రైట్ అనే సిస్టమ్ కాల్ ఏమీ చూపకుండా, ఫలితం వచ్చే ఆర్‌ఏఎక్స్‌లో -14 ఇస్తుంది. అంటే బఫర్ చిరునామా చెల్లలేదని అర్థం. మాక్రో మొదట ఆర్‌డీఐలో 1 (తెరకు పంపమనే సంఖ్య) నింపి, ఆపై రెండో ఆర్గ్యుమెంటును ఆర్‌ఎస్‌ఐలోకి తెస్తుంది; మీరు బఫర్ చిరునామాను ఆర్‌డీఐలోనే ఉంచి పంపితే, అది చదివే వేళకే చెరిగిపోయి ఉంటుంది. నాస్మ్‌ను పెద్దక్షరపు మైనస్ ఈ ఆప్షన్‌తో నడిపి, మాక్రో విప్పుకున్న వరుసలను చదివితే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది. బఫర్ చిరునామాను ఆర్‌బీఎక్స్ వంటి, మాక్రో తాకని రిజిస్టరులో ఉంచి పంపండి.

ఏమీ చూపకుండా, దోషమూ చెప్పకుండా ప్రోగ్రాము ముగిసిపోతే, మాక్రోలో సిస్‌కాల్ బదులు కెర్నల్‌ను పిలిచే పాత పద్ధతి అయిన 80హెచ్ ఇంటరప్టు ఉందేమో చూడండి. సిస్టమ్ కాల్ సంఖ్యల 64 బిట్ల పట్టికలో 1 అంటే రైట్; ఆ ఇంటరప్టు వాడే 32 బిట్ల పట్టికలో 1 అంటే ఎగ్జిట్, అంటే ప్రోగ్రామును ముగించడం.