దోస్తుకు తోడు – 4వ పాఠం: కీమో తర్వాత రెండు వారాలు

క్యాన్సర్ వచ్చిన దోస్తుకు తోడుండేవాళ్ల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో రిపోర్టుల ఫైలు సర్దుకున్నాం, రైల్వే రాయితీ ఫారం తెచ్చుకున్నాం. స్లీపర్, థర్డ్ ఏసీల్లో క్యాన్సర్ రోగికి చార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు అని గుర్తుంది కదా. ఇప్పుడు హైదరాబాద్‌లో కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందు) ఎక్కించుకొని కాజీపేటలో దిగిన తర్వాతి సంగతి.

మొదటి రెండు మూడు రోజులు వాంతులు, నీరసం. ఇంటినిండా జనం ఉంటారు కాబట్టి మీరు లేకపోయినా నడుస్తుంది. ఒక్కటి మాత్రం ఇంటివాళ్లకు చెప్పండి: 48 గంటల దాకా రోగి మూత్రం, వాంతి ముట్టాల్సివస్తే చేతికి గ్లౌజులుండాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి, లెట్రిన్‌లో రెండుసార్లు నీళ్లు కొట్టాలి. మందు ఒంట్లోంచి బయటికి పోయే దారి అదే.

అసలు భయం తర్వాత. చాలా రకాల కీమోలో, ఇన్ఫెక్షన్‌తో కొట్లాడే తెల్లకణాలు 7వ రోజుకూ 14వ రోజుకూ మధ్య బాగా పడిపోతాయి. అప్పటికి వాంతులు తగ్గి మనిషి లేచి తిరుగుతుంటాడు. ‘కోలుకున్నడు’ అని అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. సెలవు పెట్టేదుంటే ఆ వారానికి దాచుకోండి.

ఆ వారం మీ పనిముట్టు డిజిటల్ థర్మామీటర్. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ఒళ్లు వేడిగా అనిపించినా చలి పెట్టినా వెంటనే మరోసారి. నాలుక కింద పెట్టి, పెదాలు మూసి, బీప్ వచ్చేదాకా ఉంచాలి. చాయ్ తాగి ఉంటే అరగంట ఆగాలి. చంకలో పెడితే అంకె తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. తేదీ, టైము, అంకె నోట్‌బుక్కులో రాయండి.

100.4 ఫారెన్‌హీట్ వచ్చిందంటే అర్ధరాత్రైనా ఆసుపత్రికే. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, రెండు రకాలుగా. ఒకటి, జ్వరం ఎంతుందో చూడకముందే పారాసిటమాల్ వేస్తారు. జ్వరం అణిగిపోతుంది, లోపలి ఇన్ఫెక్షన్ అణగదు. తెల్లకణాలు లేని ఒంట్లో చీము పట్టదు, వాపు రాదు, కాబట్టి చాలాసార్లు కనబడే గుర్తు జ్వరం ఒక్కటే. దాన్నీ మాత్రతో చెరిపేస్తే ఇంకేం మిగులుతుంది? రెండోది, ‘మన డాక్టరు హైదరాబాద్‌లోనే కదా’ అని అటు బండి కట్టిస్తారు. దాదాపు 145 కిలోమీటర్లు. రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్ పడాల్సింది ఆసుపత్రి చేరిన గంటలోపు, ఆలస్యమైతే బీపీ పడిపోవచ్చు. అందుకే జ్వరం రాకముందే క్యాన్సర్ డాక్టరును అడిగి పెట్టుకోండి: రాత్రిపూట వరంగల్‌లో ఎక్కడికి పోవాలి, ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకా (అత్యవసర విభాగం), ఇంకో చోటికా? ముందు దగ్గర్లో మందు పడనీయండి, హైదరాబాద్‌కు ఫోన్ చేయండి.

తిండి విషయంలో గొడవ పడొద్దు, పడేట్లయితే రెండు చోట్ల పడండి. కౌంట్స్ (తెల్లకణాల లెక్క) తక్కువున్న రోజుల్లో కల్లు వద్దు. అది పచ్చిది, కాచింది కాదు. ‘ఈతకల్లు చలువ’ అనే పెద్దమనిషికి ఆ మాటే చెప్పండి. బొప్పాయి ఆకు రసంతో సహా ఏ పసరైనా డాక్టరు చెవిన వేయకుండా పోయనివ్వొద్దు. నోరు పూసిందా, సకినాలు, సర్వపిండి, పచ్చిపులుసు పక్కన పెట్టండి, గీరుకుంటాయి, మండుతాయి. చపాటా మిరపకు కారం తక్కువే, అయినా అదీ వద్దు. మెత్తటి పప్పన్నం, పలుచటి జావ, ఉడికిన గుడ్డు రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా. లీటరు కాచిన గోరువెచ్చని నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా తినే సోడా కలిపి తిన్నప్పుడల్లా పుక్కిలించి ఉమ్మాలి. మర్నాటికి కొత్తగా కలపాలి.

ఇక పరామర్శలు. దగ్గుతో వచ్చిన మేనమామను ఇంటివాళ్లు గడప దగ్గర ఆపలేరు, మాటొస్తది. ఆ మాట పడగలిగేది దోస్తే. ‘మామా, కౌంట్స్ తక్కువున్నయి, డాక్టర్ వద్దన్నడు, వీడియో కాల్ చేయిస్త’ అనండి. నెపం డాక్టరు మీద పెట్టండి, ఎవరూ నొచ్చుకోరు.

రోగితో మాత్రం ‘ఏమన్నా కావాలంటే చెప్పురా’ అనకండి, ఎవరూ చెప్పరు. ‘గురువారం రక్తపరీక్షకు ఎనిమిదింటికి బండి తెస్త’ అనండి. ‘నీకేం కాదు’ కూడా వద్దు. భయమేస్తుందన్నప్పుడు ‘దేనికి ఎక్కువ భయమైతుందిరా?’ అని అడిగి, నోరు మూసుకొని కూర్చోండి. మాటల కన్నా ఇదే కష్టం, అలవాటు చేసుకోవాలి.

ఈ వారం అభ్యాసం: ఒక అట్టముక్క మీద కీమో మందు పేరు, ఎక్కించిన తేదీ, పడని మందులు, డాక్టరు ఫోను, రాత్రి పోవాల్సిన ఆసుపత్రి రాసి థర్మామీటర్ డబ్బాకు అంటించండి. తర్వాత ఈ వాక్యం బయటికే పదిసార్లు అనండి: ‘కీమో అయ్యి పది రోజులైంది, జ్వరం 101, తెల్లకణాలు తక్కువుండొచ్చు, ముందు చూడండి.’ క్యాజువాలిటీలో చీటీ రాసే మనిషికి మీరు మొదట చెప్పాల్సింది ఇదే, పేరూ ఊరూ తర్వాత.