గాథిక్ ఆడుతూ విసిగిపోయారా? వదిలేసే ముందు ఇవి సరిచూసుకోండి

ఒడిశాలోని గుణుపురంలో నేను నడిపే చిన్న కంప్యూటర్ సెంటరుకు సెలవుల్లో కాలేజీ పిల్లలు వస్తుంటారు. వాళ్ల దగ్గర ఉండేవి కొత్త ఆటలను మోయలేని పాత లాప్‌టాప్‌లు. మంచి ఆట ఏదైనా చెప్పమంటే నేను చెప్పేది ఒకటే పేరు, గాథిక్. సంతోషంగా కొనుక్కుంటారు. మూడో రోజుకు మొహం వేలాడేసుకుని వస్తారు. "అన్నయ్యా, ఇది నిజంగా ఆడదగ్గ ఆటేనా?"

ఆడదగ్గదే. మొదటి రెండు భాగాలనైతే వదులుకోకూడదు. అయితే పిల్లలు చెప్పే ఇబ్బందులు కల్పితం కావు. వాటిలో కొన్ని కంప్యూటర్‌వి, కొన్ని ఆటవి, ఎక్కువ భాగం మాత్రం కొత్త ఆటలు మనకు నేర్పిన అలవాట్లవి. మూడింటికీ మందు వేరు.

ముందు ఆట గురించి రెండు మాటలు. జర్మనీకి చెందిన పిరాన్యా బైట్స్ సంస్థ మొదటి గాథిక్‌ను 2001లో తెచ్చింది. అప్పటికి నౌపడ నుంచి మా ఊరికి ఇంకా చిన్న గేజి రైలే నడిచేది. ఓర్కులనే రాక్షస జాతితో యుద్ధంలో ఉన్న రాజుకు ఆయుధాల కోసం మాయా ఖనిజం కావాలి. దాన్ని తవ్వే ఖైదీలు పారిపోకుండా పన్నెండుమంది మంత్రగాళ్లు గనుల లోయ చుట్టూ మంత్రపు గోడ కడతారు. అది అదుపు తప్పి, కట్టినవాళ్లనూ లోపలే బంధిస్తుంది. ఖైదీలు తిరగబడి లోయను చేజిక్కించుకుంటారు. పేరైనా లేని మన కథానాయకుణ్ని ఆ లోయలోకి తోసేయడంతో ఆట మొదలవుతుంది.

లక్షణం: ఆట తెరుచుకోదు, మధ్యలో మూసుకుపోతుంది, సేవ్ చేసినది కనిపించదు

ఈ ఆట పాత విండోస్ కోసం రాసింది. ఇప్పటి విండోస్ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరును కాపలా కాస్తుంది, అక్కడ రాసుకోవాలనుకునే పాత ఆటలను అడ్డుకుంటుంది. కాబట్టి ఆటను అక్కడ కాకుండా డీ డ్రైవులో సొంత ఫోల్డరులో ఇన్‌స్టాల్ చేయండి. ఆ తర్వాత అభిమానులు తయారుచేసిన సవరణ ఫైళ్లు రెండు, 1.08కె ప్లేయర్ కిట్, దాని మీద సిస్టం ప్యాక్, ఇదే వరుసలో వేయండి. వరుస తప్పితే మళ్లీ మొదటికి రావాలి. బొమ్మ సాగదీసినట్టు కనిపిస్తే సిస్టం ఫోల్డరులోని గాథిక్ డాట్ ఐఎన్ఐ ఫైలు తెరిచి, తెర వెడల్పు, ఎత్తు ఉన్న వరుసల్లో మీ లాప్‌టాప్ కొలతలు రాయండి.

వెలుగునీడలు అందంగా కనిపించేలా చేసే డీఎక్స్11 రెండరర్ కూడా ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌కు అది బరువు. అది లేకుండానే ఆడండి. ఆట ప్రాణం బొమ్మల్లో లేదు.

మా వైపు ఇంటర్నెట్ నమ్మకంగా రాదు కాబట్టి ఇంకొక మాట. జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొంటే ఇన్‌స్టాలర్ ఫైలు మన చేతికే వస్తుంది. బరంపురంలోనో విశాఖలోనో చదువుకుంటున్నవాళ్లు అక్కడే దించుకుని పెన్‌డ్రైవులో తెచ్చుకోవచ్చు, ఇంటి దగ్గర నెట్ లేకపోయినా ఆడవచ్చు. వానాకాలంలో కరెంటు చెప్పకుండా పోతుంది. బ్యాటరీ చచ్చిపోయిన లాప్‌టాప్ అయితే ప్రతి పని ముగిశాక సేవ్ చేయండి. ఒకే చోట కాకుండా మూడు నాలుగు చోట్ల మార్చి మార్చి చేయండి.

లక్షణం: చేతులు మాట వినవు

మొదటి భాగాన్ని వదిలేసేవారిలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. మౌస్ నొక్కితే కత్తి దూస్తాడనుకుంటారు. ఈ ఆటను ప్రధానంగా కీబోర్డు కోసమే చేశారు. కంట్రోల్ కీని నొక్కి ఉంచడమంటే ‘చెయ్యి చాచడం’ అనుకోండి. చెయ్యి చాచి పై బాణం నొక్కితే వస్తువు తీసుకుంటాడు, మనిషితో మాట్లాడతాడు, పెట్టె తెరుస్తాడు. కత్తి చేతిలో ఉన్నప్పుడు అదే కంట్రోల్‌తో ఎడమ, కుడి బాణాలు పక్క వేట్లు, పై బాణం ముందుకు వేటు, కింది బాణం అడ్డుకోవడం. ఇంతే మొత్తం సూత్రం. ఎవరూ లేని చోట నిలబడి పావుగంట గాలిలో కత్తి తిప్పండి. పావుగంట తర్వాత వేళ్లకు అలవాటవుతుంది, నా మాట నమ్మండి.

లక్షణం: అడుగడుగునా చస్తున్నాను

కారణం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఈ లోకం మీ స్థాయిని చూసి తగ్గదు. చాలా ఆటల్లో మీరు బలహీనంగా ఉంటే ఎదుటి జంతువూ బలహీనంగానే ఉంటుంది. ఇక్కడ అడవిలో షాడోబీస్ట్ అనే మృగం మొదటి రోజునా అంతే, చివరి రోజునా అంతే. కానీ జంతువులు మోసం చేయవు. చాలావరకు దాడికి ముందు నిలబడి గుర్రుమంటాయి. అది హెచ్చరిక. అప్పుడే వెనక్కి నడిస్తే వదిలేస్తాయి. అరకు వైపు కొండల్లో పెరిగినవాళ్లకు దీన్ని వేరే చెప్పనవసరం లేదు.

పరిష్కారం పోరాడటంలో లేదు, నేర్చుకోవడంలో ఉంది. స్థాయి పెరిగినప్పుడల్లా 10 నేర్పు పాయింట్లు వస్తాయి, కానీ అవి వాటంతట అవి బలంగా మారవు. గురువును వెతుక్కోవాలి. లోయలోని ఖైదీల మూడు శిబిరాల్లో ఒకటైన పాత శిబిరంలో డియెగో బలం, చురుకుదనం నేర్పుతాడు. మల్లబరి దగ్గర స్కాటీ ఒంటిచేతి కత్తి నేర్పుతాడు. నేర్వని రోజుల్లో మన నాయకుడు ఒంటిచేతి కత్తిని కూడా రెండు చేతులతో, కర్ర పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. పాఠం అయ్యాక నిలబడే తీరే మారిపోతుంది, కత్తి ఒక చేతిలోకి వస్తుంది, వేటు వేగం పెరుగుతుంది. తెర మీద అంకె పెరగడం కాదు, ఒక మనిషి పనివాడుగా మారడం కళ్లారా చూస్తాం. ఈ ఒక్క సన్నివేశం కోసమే ఎంతోమందిని బతిమాలి ఈ ఆట ఆడించాను.

అంతవరకు శిబిరం లోపల దొరికే చిన్న చిన్న పనులు చేయండి. బయటికి వెళ్లక తప్పదంటే ఎవరైనా దారి చూపిస్తామన్నప్పుడే వెంట వెళ్లండి.

లక్షణం: అందరూ ఊరికే కొడుతున్నారు

ఊరికే కాదు. బహుశా చేతిలో కత్తి దూసి ఉంది, లేదా పిలవని ఇంట్లోకి వెళ్లారు, లేదా ఎవరిదో వస్తువు తీశారు. ఈ ఆటలో మనుషులకు రోజువారీ బతుకు ఉంది. పగలు కొలిమి కొడతారు, సాయంత్రం వంట చేసుకుంటారు, రాత్రి పడుకుంటారు. కత్తి దూసినవాణ్ని చూస్తే ముందు ఒకసారి హెచ్చరిస్తారు. గొడవలో ఓడిపోయినా చాలాసార్లు చంపరు. పడగొట్టి, జేబులోని ఖనిజం (లోయలో డబ్బు అదే), చేతిలోని ఆయుధం తీసుకుని పోతారు. మళ్లీ లోడ్ చేయకండి. లేచి నడవండి. ఆ అవమానాన్ని గుర్తుంచుకుని పది గంటల తర్వాత అదే మనిషి ఎదుట నిలబడినప్పుడు కలిగే తృప్తిని ఈ ఆట మీ కోసం దాచిపెట్టింది.

పాత శిబిరంలో బ్లడ్విన్ రక్షణ పేరుతో పది ఖనిజం ముక్కలు అడుగుతాడు. మొదట్లో ఇచ్చేయండి, దారిన పోయేటప్పుడు ప్రశాంతంగా ఉంటుంది.

మా ఊళ్లో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో కొన్నిసార్లు సవర. ఏ గుమ్మం ముందు ఏ మాటతో పలకరించాలో చిన్నప్పుడే వస్తుంది. పాత శిబిరం, కొత్త శిబిరం, చిత్తడిలోని భక్తుల శిబిరం, వీటిలో ఎక్కడ ఎలా నడుచుకోవాలో పట్టుకోవడానికి ఆ నేర్పే పనికొస్తుంది. మా పిల్లలు ఈ భాగాన్ని త్వరగా అందుకోవడం నేను చూశాను.

లక్షణం: ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు, ఇంగ్లీషు అర్థం కావడం లేదు

ఈ రెండూ ఒకే జబ్బు. నేల మీద బాణం గుర్తులు లేవు, దారి అంతా మాటల్లోనే ఉంటుంది. ‘వంతెన దాటి ఎడమకు’ అన్న మాట జారిపోతే మీరు తప్పిపోయినట్టే. ఒడియా మాధ్యమంలో చదివిన పిల్లలు నటుల వేగానికి ఇంగ్లీషు అందుకోలేకపోతారు. మెనూలో ఉపశీర్షికలు పెట్టుకోండి. డైరీ తెరిచి ఎవరు ఏ పని చెప్పారో చదవండి. పాత శిబిరంలో గ్రాహం అనే పటాల తయారీదారు దగ్గర పటం దొరుకుతుంది. అన్నిటికన్నా మేలైన మందు పక్కన ఒక నోటుపుస్తకం. విన్న ఊరి గుర్తులను తెలుగులో రాసుకోండి. ఆ రాతతోనే లోయ మీ సొంత ఊరంత పరిచయమవుతుంది.

లక్షణం: రెండో భాగంలో మళ్లీ మొదటికొచ్చాను

2002లో వచ్చిన రెండో భాగంలో నాయకుడు శక్తి పోగొట్టుకునే మొదలవుతాడు. దానికి కారణం కథలోనే ఉంది. 2003 నాటి నైట్ ఆఫ్ ద రేవెన్ అనుబంధం దాన్ని ఇంకా కఠినం చేసింది. బలం లాంటి ఒక గుణం 30 దాటితే ప్రతి మెట్టుకూ రెండేసి నేర్పు పాయింట్లు ఖర్చవుతాయి, పైకి వెళ్లేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అందుకే కత్తా, విల్లా, మంత్రమా అన్నది ముందే తేల్చుకోండి. మూడింటికీ పాయింట్లు పంచినవాళ్లు సగం ఆటలో చిక్కుకుపోవడం నేను చూశాను. చిక్కుకుపోయాక దానికి మందు లేదు, కొత్తగా మొదలుపెట్టాల్సిందే.

లక్షణం: మూడోది నత్తనడక నడుస్తోంది, అడవిపందులే చంపేస్తున్నాయి

2006లో దీన్ని సగం ఉడికించి వడ్డించారు. అభిమానుల బృందం ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చిన 1.75 కమ్యూనిటీ ప్యాచ్ అనే సవరణ ఫైలు వేయకుండా మొదలుపెట్టకండి. వేశాక ఐచ్ఛికాల్లో ప్రత్యామ్నాయ సమతూకం, ప్రత్యామ్నాయ పోరాట బుద్ధి రెండూ ఎంచుకోండి. ఒక పంది లేవనివ్వకుండా వరుసగా పొడిచే బాధ తగ్గుతుంది. అయినా మొదటి రెండింటి బిగువు ఇందులో ఉండదు, విశాలమైన తిరుగుడు మాత్రం ఉంటుంది.

2008లో దానికి వచ్చిన కొనసాగింపు ముంబైలోని ఒక స్టూడియో చేసినది. మన దేశంలో తయారైందని ఎంతో ఇష్టంగా తెరిచాను, పూర్తి చేయలేకపోయాను. 2010 నాటి ఆర్కానియా వేరే సంస్థ చేసిన వేరే రకం ఆట, దాంట్లో లోయ పట్టు లేదు. ఈ రెండింటికి పెట్టే డబ్బు, సెలవులు రెండో భాగాన్ని ఇంకో దారిలో, కిరాయి సైనికుడి బదులు మంత్రగాడిగా, మళ్లీ ఆడటానికి ఉంచుకోండి.