అక్టోబర్ సెలవులకు బయల్దేరేముందు: చైనాలో చదివే మనవాళ్ళకు జాగ్రత్తలు

2024 నవంబర్‌లో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మందు తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు 19 ఏళ్ళ ఆస్ట్రేలియా అమ్మాయిలు. గది ఖాళీ చేయాల్సిన టైముకి దిగిరాకపోయేసరికి గానీ సంగతి బయటపడలేదు. కున్‌మింగ్ నుంచి లావోస్ వెళ్ళే రైలుదారిలోదే ఆ ఊరు. ఇప్పుడు అక్టోబర్ 1 నుంచి వారం సెలవులు. ఎంబీబీఎస్ బ్యాచ్‌లు పదేసి మంది చొప్పున బీజింగ్, షాంఘై టికెట్లు వెతుకుతున్నాయి. పర్సు జాగ్రత్త, స్వెటర్ మర్చిపోకు లాంటివి అమ్మ ఫోన్లో చెప్పే ఉంటుంది కాబట్టి వదిలేద్దాం.

ఆ ఒక్క తప్పు

ఎక్కువ తాగినవాణ్ణి గదికి మోసుకొచ్చి, "పడుకుంటే దిగిపోద్దిలే" అని మంచం మీద పడేసి, తలుపు దగ్గరికి లాగి, మిగతావాళ్ళు మళ్ళీ బయటికి పోవడం. కుటుంబాల్ని ముంచేది ఇదే.

52 డిగ్రీల బైజ్యూ, అంటే చైనా సారాలో, సగానికి పైగా ఆల్కహాలే. ఒక లియాంగ్, అంటే 50 మి.లీ. బుల్లి గ్లాసులో దాదాపు 20 గ్రాములుంటుంది. ఒళ్ళు కరిగించగలిగేది గంటకి 7 నుంచి 10 గ్రాములు. 'గాన్‌బెయ్' (గ్లాసు ఖాళీ చెయ్) అంటూ అరగంటలో నాలుగు ఎత్తేస్తే, చివరి గ్లాసు దించాక కూడా పొట్టలో మిగిలింది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. మీరు పడుకోబెట్టి వెళ్ళాకే అసలు మత్తు ముదురుతుంది. వెల్లకిలా ఉన్నాడా, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవన్నీ పరీక్షలో పేజీలకు పేజీలు రాసేవాళ్ళే రాత్రి రెండింటికి మర్చిపోతారు.

పక్కకి తిప్పండి. పైకాలి మోకాలు మడిచి ముందుకు పెట్టండి, మళ్ళీ వెల్లకిలా దొర్లకుండా వీపు వెనక బ్యాగు ఆనించండి. తాగని మనిషి ఒకరు అక్కడే కూర్చోవాలి. భుజం గట్టిగా గిల్లినా కళ్ళు తెరవకపోయినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా అంబులెన్స్ నంబర్ 120కి ఫోన్ చేయండి. గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నాడని కాదు, గాలి దారి సగం మూసుకుపోయి ఉండొచ్చు. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం, గొంతులో వేళ్ళు పెట్టడం ఏవీ వద్దు.

120లో ఎత్తినవాళ్ళకి చాలాసార్లు చైనీస్ తప్ప రాదు. స్పృహలో లేడంటే 'హూన్‌మీ'. హోటల్ అడ్రస్ చైనీస్ అక్షరాల్లో స్క్రీన్‌షాట్ తీసి అందరి ఫోన్లలో పెట్టుకోండి. ఫోన్‌ని రిసెప్షన్ వాళ్ళ చేతికో, గేటు దగ్గర గార్డు చేతికో ఇస్తే మిగతాది వాళ్ళే మాట్లాడతారు. ఆస్పత్రిలో ముందు యాజిన్ కట్టమంటారు, అంటే డిపాజిట్. బయల్దేరేముందే తలా కొంత వేసి రెండు మూడు వేల యువాన్లు ఒకరి అలీపేలో ఉంచండి.

ఫోన్ చేస్తే యూనివర్సిటీకి తెలుస్తుందనేది అందరి భయం. తెలుస్తుంది, తిడతారు. చేయకుండా ప్రాణం పోతే మాత్రం ఎవరు ఎన్నింటికి గదిలోంచి బయటికొచ్చారో కారిడార్ కెమెరా చెప్తుంది. పక్కన తాగినవాళ్ళు పట్టించుకోకుండా వదిలేశారని తేలితే చైనా కోర్టులు వాళ్ళతో నష్టపరిహారం కట్టిస్తాయి.

ఆ మందు ఎక్కడిది

విదేశీయులకి ఫ్రీ అని టేబుల్ మీదికి వచ్చేదాన్ని ముట్టుకోవద్దు. జనం కనబడాలని క్లబ్బు మిమ్మల్ని కూర్చోబెడుతోంది, అందుకని మంచి సరుకేమీ పోయదు. కల్తీ మందుని 'జ్యాజ్యూ' అంటారు. మిథనాల్ లక్షణాలు 12 నుంచి 24 గంటలు ఆగి బయటపడొచ్చు. మర్నాడు మధ్యాహ్నానికి తగ్గాల్సిన తలనొప్పి పెరుగుతున్నా, కళ్ళముందు మంచు కమ్మినట్టున్నా అది హ్యాంగోవర్ కాదు. వెంటనే ఆస్పత్రికెళ్ళి 'జ్యాజ్యూ' అనే మాటే చెప్పండి. కాబట్టి మర్నాడు కూడా వాణ్ణి గదిలో ఒంటరిగా వదిలి గ్రేట్‌వాల్ చూడ్డానికి పోవద్దు.

పోలీసుల దాకా పోయేవి

క్లబ్బులో ఊరికే కూర్చుంటే గంటకింత ఇస్తామంటారు. స్టూడెంట్ పర్మిట్ మీద అది అక్రమ ఉద్యోగం: 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా, ముదిరితే నిర్బంధం. గొడవలో ముందు ఎవరు కొట్టారన్నది తర్వాతి మాట. తిరిగి చెయ్యెత్తారా, ఇద్దరూ నిందితులు కావొచ్చు. డ్రగ్స్‌కి వెంట్రుకలు కూడా పరీక్షిస్తారు, నెలల కింద వేరే దేశంలో తీసుకున్నదీ అందులో దొరుకుతుంది. దేశం నుంచి పంపించేస్తే ఇంకో కాలేజీలో చేరి మిగతాది పూర్తిచేద్దామనుకోకండి. మన నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) 2021 నిబంధనల ప్రకారం 54 నెలల చదువు, 12 నెలల ఇంటర్న్‌షిప్ ఒకే విదేశీ కాలేజీలో జరగాలి.

ఇక మిగిలినవి వరసగా:

- ఫర్బిడెన్ సిటీ టికెట్లు ఏడు రోజుల ముందు రాత్రి 8కి తెరుస్తారు. పాస్‌పోర్టు నంబర్లో ఒక్క అంకె తప్పినా గేటు దగ్గరే ఆపేస్తారు.
- జ్యాన్‌కౌ వైపు శిథిలమైన గ్రేట్‌వాల్ ఎక్కొద్దు. ముతియన్‌యూ వైపు భాగం చాలు.
- షాంఘైలో నది గట్టు 'బండ్' దగ్గర మెట్ల మీద జనం కదలకపోతే వెనక్కి తిరగండి. 2014 డిసెంబర్ 31 రాత్రి 36 మంది చనిపోయింది ఆ మెట్ల మీదే.
- వాంగ్‌ఫుజింగ్‌లో, నాన్‌జింగ్ రోడ్డులో "ఇంగ్లిష్ ప్రాక్టీస్ చేద్దాం, టీ తాగుదాం" అని పిలిస్తే వెళ్ళొద్దు. బిల్లు వేలల్లో వస్తుంది.
- ఫ్రెండ్ ఫ్లాట్‌లో పడుకుంటే 24 గంటల్లో పోలీసు రిజిస్ట్రేషన్. హోటలైతే వాళ్ళే చేస్తారు.
- పవర్‌బ్యాంక్ మీద 3సీ ముద్ర (చైనా భద్రతా గుర్తు) లేకపోతే 2025 జూన్ 28 నుంచి దేశీయ విమానం ఎక్కనివ్వడం లేదు.
- గూగుల్ మ్యాప్ నమ్మొద్దు, చుక్క వందల మీటర్లు తప్పు చూపిస్తుంది. ఆమాప్ పెట్టుకోండి.
- దీదీ యాప్ ట్యాక్సీ ఎక్కేముందు నంబర్ ప్లేట్ చూడండి.
- హాస్టల్ గేటు మూశాక గోడ దూకొద్దు.
- రోజుకొకరు తాగకుండా ఉండాలి. పేర్లు రైలెక్కేముందే రాసుకోండి.
- తాగినవాణ్ణి పడుకోబెట్టి వదలొద్దు. పది నిమిషాలకి కూడా.
- క్లబ్బు బయట తలలు లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే ఎవరూ కదలొద్దు, చివరి మెట్రో పోతే పోనివ్వండి.