బిల్లు దారి – మూడవ పాఠం: 200వ అధికరణాన్ని చదవడం

గత పాఠంలో రాష్ట్ర బిల్లు శాసనసభ గడప దాటేవరకు చూశాం. ఆ తర్వాతి మజిలీ గవర్నరు. బిల్లు గవర్నరు దగ్గర ఆగిందని వార్త వచ్చినప్పుడు, అది రాజ్యాంగం ప్రకారం ఏ దశలో ఆగిందో సొంతంగా తేల్చుకోవడం ఈ పాఠంలో నేర్చుకుంటాం. పత్రికలు అన్ని దశలనూ ‘పెండింగ్’ అనే ఒక్క మాటతో సరిపెడతాయి కాబట్టి ఈ అభ్యాసం అవసరం.

200వ అధికరణాన్ని ముందు పెట్టుకుని, మినహాయింపులను ప్రస్తుతానికి పక్కనబెట్టి, అసలు వాక్యం మాత్రమే చదవండి. శాసనసభ, మండలి ఉన్నచోట ఉభయ సభలు, ఆమోదించిన బిల్లు తన ముందుకు వచ్చినప్పుడు గవర్నరు దానికి ఆమోదం తెలిపినట్లో, ఆమోదం నిలిపివేసినట్లో, రాష్ట్రపతి పరిశీలనకు రిజర్వు చేసినట్లో ప్రకటించాలి. ఏదీ ప్రకటించకుండా ఊరుకోవడమనే నాలుగో దారి ఆ వాక్యంలో లేదు. అయితే ఎన్నాళ్లలో ప్రకటించాలన్నదీ అందులో లేదు. ఇన్నాళ్ల రాజకీయ వివాదంలో చాలా భాగం ఈ ఖాళీలోనే నడిచింది.

ఇప్పుడు మొదటి మినహాయింపు. ద్రవ్య బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల వంటి ఆర్థిక అంశాలకే పరిమితమైన బిల్లు) కాని పక్షంలో గవర్నరు దానిని వీలైనంత త్వరగా ఒక సందేశంతో సభకు తిప్పి పంపవచ్చు. సభ దానిని మార్పులతోనైనా, మార్పులు లేకుండానైనా మళ్లీ ఆమోదించి పంపితే ఆమోదం నిలిపివేయకూడదు. హైకోర్టుకు రాజ్యాంగం ఇచ్చిన స్థానానికి ముప్పు తెచ్చేంతగా దాని అధికారాలను తగ్గించే బిల్లును రిజర్వు చేసి తీరాలని రెండవ మినహాయింపు చెబుతుంది. దీనితో మనకు ఇప్పుడు పనిలేదు.

అసలు చిక్కు మొదటి మినహాయింపును పై వాక్యంతో ఎలా కలిపి చదవాలన్నదే. గవర్నరు ఆమోదం నిలిపివేసి, బిల్లును తిప్పి పంపకుండా తన దగ్గరే ఉంచేసుకోవచ్చా? ఉంచుకోవచ్చంటే, ప్రజలు ఎన్నుకోని వ్యక్తి చేతికి తిరుగులేని వీటో ఇచ్చినట్లవుతుంది. 2023 నవంబరులో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదాన్ని తోసిపుచ్చి, నిలిపివేస్తే తిప్పి పంపాలని తేల్చింది.

మన దగ్గరి ఉదాహరణ చూద్దాం. విశ్వవిద్యాలయాల్లో నియామకాలకు ఉమ్మడి బోర్డు ఏర్పాటు చేసే బిల్లును తెలంగాణ శాసనసభ 2022 సెప్టెంబరులో ఆమోదించింది. అది సహా 10 బిల్లులు గవర్నరు దగ్గర ఆగాయంటూ రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చిలో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇలాంటి ప్రతి బిల్లు గురించీ, గవర్నరు ఏదైనా ప్రకటించారా, ప్రకటిస్తే ఆ మూడింటిలో ఏది అని విడివిడిగా అడగడమే మీ పని. ఏదీ ప్రకటించలేదని తేలితే, ఆ బిల్లు అధికరణంలోని ఏ గడిలోనూ లేదన్నమాట. ఏప్రిల్‌లో ఆ కేసును ముగిస్తూ కోర్టు, ‘వీలైనంత త్వరగా’ అన్న మాటలకు రాజ్యాంగపరమైన బరువు ఉందని గుర్తుచేసింది.

2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు వేసి, గడువులు నిర్దేశించడమే కాక 10 బిల్లులు ఆమోదం పొందినట్లే భావించాలని ప్రకటించింది. దానిపై రాష్ట్రపతి 14 ప్రశ్నలతో సలహా కోరగా, నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గడువులు పెట్టడం, ఆమోదం పొందినట్లు భావించడం కోర్టు పని కాదని చెప్పింది. కారణం చెప్పకుండా సుదీర్ఘకాలం ఊరుకుంటే మాత్రం, ఏదో ఒక నిర్ణయం తీసుకోమని ఆదేశించవచ్చని మినహాయించింది. ఎంత కాలమైతే సుదీర్ఘమో ప్రతిసారీ రాష్ట్రమే కోర్టుకెక్కి నిరూపించుకోవాలి కనుక, జాప్యం భారమంతా ఐదేళ్ల గడువున్న సభ మీదే పడుతుందని నా అభిప్రాయం. శాసనసభ రద్దయినా గవర్నరు దగ్గరున్న బిల్లు మురిగిపోదని సుప్రీంకోర్టు 1961లోనే కేరళ భూసంబంధాల చట్టం కేసులో చెప్పింది నిజమే. కానీ తర్వాత వచ్చే సభకు ఆ బిల్లుపై పట్టింపు ఉంటుందన్న హామీ ఏదీ లేదు.

అభ్యాసం: ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరులో ఆమోదించిన దిశ నేర చట్ట సవరణ బిల్లు రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లింది. ఏడవ షెడ్యూలు ఉమ్మడి జాబితాలోని మొదటి రెండు అంశాలను, 254వ అధికరణం రెండవ ఖండాన్ని పక్కపక్కన పెట్టి చదివి, ఆ బిల్లు అక్కడికి ఎందుకు వెళ్లవలసి వచ్చిందో ఐదారు వాక్యాల్లో రాయండి. తర్వాత 201వ అధికరణం చదివి, రాష్ట్రపతి తిప్పి పంపిస్తే పునఃపరిశీలనకు సభకు ఎన్ని నెలల గడువు ఉందో, రాష్ట్రపతి నిర్ణయానికి ఎంత గడువు ఉందో పోల్చి చూడండి. నాలుగవ పాఠం అక్కడ మొదలవుతుంది.