వీధి తలుపుకు ఏ మెటీరియల్? ముందు మీ గుమ్మం ముందు నిలబడి చూడండి

వానలు మొదలైన పది రోజులకు నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "తలుపు పట్టేసింది, భుజంతో నెడితే గానీ రావడం లేదు" అని ఒకరు. "కింద రంగు పొంగి పెచ్చులు ఊడుతున్నాయి" అని ఇంకొకరు. ఇరవై ఆరేళ్లుగా తలుపులు చేస్తున్నాను. అంతకంటే ఎక్కువగా వేరేవాళ్లు చేసిన తలుపులు బాగుచేస్తున్నాను. అందుకే షోరూములో మెరిసే తలుపు అయిదో ఏట ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

నా దగ్గరికి వచ్చే తలుపుల్లో చాలావరకు నాసిరకంవి కావు. మంచి కర్ర, మంచి పనితనం ఉంటాయి. వాటిని బిగించిన చోటే వాటికి పడలేదు. కాబట్టి "ఏ మెటీరియల్ మంచిదండీ?" అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: మీ గుమ్మం మీద ఏం పడుతుంది?

షాపుకు వెళ్లేముందు ఒక సెలవు రోజు చూసుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గుమ్మం ముందు నిలబడండి. నేరుగా ఎండ ఎన్ని గంటలు పడుతుందో చూడండి. పడమటి గుమ్మమైతే మరీ జాగ్రత్త, అప్పటికే వేడెక్కిన గాలికి ఏటవాలు ఎండ తోడై తలుపు కింది దాకా కాలుతుంది. వాన వెలిశాక తలుపు పక్క గోడ చూడండి. నేల మీద పడ్డ చినుకులు ఎగిరి ఎంత ఎత్తు దాకా తడిపాయో మరక చెబుతుంది. చాలాసార్లు అది మోకాలి దాకా ఉంటుంది. తర్వాత సన్‌షేడ్ కొలవండి. తలుపు అడుగు నుంచి సన్‌షేడ్ దాకా ఎంత ఎత్తుందో, అందులో సగమైనా సన్‌షేడ్ ముందుకు ఉండాలి. ఎనిమిది అడుగుల ఎత్తుంటే నాలుగు అడుగులన్నమాట. అంత ఉంటే దాదాపు ఏ తలుపైనా బతుకుతుంది. ఒక అడుగే ఉంటే, మీరు ఇంటి తలుపు కొంటున్నట్టు కాకుండా వానలో నిలబెట్టే వస్తువు కొంటున్నట్టు ఆలోచించాలి. సముద్రం దగ్గరైతే ఉప్పు గాలిని, ఇంట్లో ఇదివరకే చెద కనబడి ఉంటే దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఇక కర్ర సంగతి. నేను కర్రవాణ్ణి కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

కర్ర తలుపు కదులుతూనే ఉంటుంది. ఇది లోపం కాదు, కర్ర స్వభావం. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. తమాషా ఏమిటంటే నార వెంట, అంటే నిలువునా, దాదాపు కదలదు. కదలికంతా అడ్డంగానే. మూడున్నర అడుగుల వెడల్పున్న చెక్కను ఒకే పలకలా అతికిస్తే, పొడి రోజులకూ తేమ రోజులకూ మధ్య అర సెంటీమీటరు పైనే తేడా రావచ్చు. తలుపుకూ ఫ్రేముకూ మధ్య మనం వదిలేది 3 మిల్లీమీటర్లు. మరి పట్టేయదా?

చట్రం, పలకల తలుపు పుట్టింది అందుకే. నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు కలిపి చట్రం చేసి, వాటి లోపలి అంచుల్లో గాడి తీసి, ఆ గాడిలో పలకను వదులుగా కూర్చోబెడతాం. పలకకు జిగురు పెట్టం. అది ఉబ్బినా తగ్గినా గాడిలోనే జరుగుతుంది, చట్రం కొలత పెద్దగా మారదు. పని నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఒక తలుపు పలకలకు గట్టిగా ఉంటాయని జిగురు పెట్టేశాను. పొడి గాలి తిరిగిన మొదటి నెలలోనే రాత్రిపూట ఫట్‌మని శబ్దం వచ్చిందట. వెళ్లి చూస్తే పలక నడుమ పై నుంచి కిందికి చీలిక, అందులోంచి వెలుతురు. ఆ పలకలు కొత్తవి చేసి ఇచ్చాను. అప్పటి నుంచి తలుపు కొనేవాళ్లకు ఒక పరీక్ష చెబుతున్నాను. పలక మీద రెండు అరచేతులూ ఆనించి పక్కకు నెట్టండి. రవ్వంత కదిలినట్టు అనిపిస్తే సంతోషించండి, అది ఉండాల్సినట్టే ఉంది.

చెట్టు పేరు కంటే చేవ ముఖ్యం. టేకు అనగానే చాలామందికి ధైర్యం. కానీ టేకులో చెదకూ కుళ్లుకూ తట్టుకునేది మధ్యలో ఉండే ముదురు రంగు చేవ మాత్రమే. దాని చుట్టూ ఉండే లేత రంగు తెల్లచెక్కకు ఆ శక్తి లేదు, టేకైనా సరే. రంగు, పాలిష్ వేసేశాక రెండూ ఒకేలా కనబడతాయి. అందుకే పాలిష్‌కు ముందే చూపించమని అడగండి. తలుపును పక్కకు పడుకోబెట్టి అంచుల వెంట చూస్తే పాలిపోయిన చారలు దొరుకుతాయి. సన్నటి చార ఒకటుంటే నేను పట్టించుకోను. అడుగు పట్టీలో ఉంటే మాత్రం ఒప్పుకోను, తడి తగిలేది అక్కడే.

రెండోది ఆరుదల. పచ్చి కర్రలో తేమ 30 శాతం దగ్గర నుంచి కిందికి దిగుతున్నప్పుడే కుంచించుకోవడం మొదలవుతుంది. తలుపు చేసేనాటికి అది 10, 12 శాతం దగ్గర ఉండాలి. బాగా పొడి ప్రాంతమైతే ఇంకా తక్కువ. తేమ కొలిచే చిన్న మీటర్లు ఉంటాయి, రెండు సూదులు గుచ్చితే అంకె చూపిస్తుంది. నికార్సైన కార్ఖానా అయితే మీటర్ తెచ్చి మీ ముందే పెడుతుంది. "చూస్తే తెలిసిపోతుందండీ" అనే చోట నేనైతే అడ్వాన్స్ ఇవ్వను.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, అడుగు అంచు. ఒక పడమటి ఇంట్లో అద్దంలా పాలిష్ చేసిన తలుపు రెండేళ్లకే కింద నల్లబడింది. కర్ర మంచిది కాదేమోనని ఆ ఇంటాయన బాధ. బందులు విప్పి, ఇద్దరం పట్టుకుని, రెండు స్టూళ్ల మీద అడ్డంగా పడుకోబెట్టాం. ముందువైపు, వెనకవైపు, పక్కలు అన్నిటికీ పాలిష్ ఉంది. అడుగు అంచుకు చుక్క కూడా లేదు. అక్కడ కర్ర బూడిద రంగుకు తిరిగి, నిలువు పట్టీల కొసలు స్పాంజిలా మెత్తబడ్డాయి. స్క్రూడ్రైవర్ ఆనిస్తే అరంగుళం లోపలికి దిగింది. నార కొసలు తెరుచుకుని ఉండే చోటు అది. సన్నటి గొట్టాల కట్టను నీళ్లలో నిలబెట్టినట్టే, తేమ నేరుగా పైకి ఎక్కుతుంది. మంచి చేవ కర్రే పాపం, కళ్లకు కనబడని ఒక్క అంచు వల్ల పోయింది. తలుపు బిగించకముందే పైనా కిందా కలిపి ఆరు వైపులా సీల్ చేయించండి. బిగించాక అడుగుకు బ్రష్ పట్టదు.

కర్ర తలుపు కోరుకునేవాళ్లు ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఎండ పడే చోట పారదర్శకంగా ఉండే పాలిష్ ఎక్కువ కాలం నిలవదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిష్ గుండా వెళ్లి దాని కింద ఉన్న కర్ర పైపొరనే దెబ్బతీస్తాయి, దాంతో పాలిష్ పట్టు వదిలేస్తుంది. రంగు వేసిన తలుపుకు ఆ బాధ తక్కువ, రంగులోని పొడి కర్రకు నీడలా పనిచేస్తుంది. నేరుగా ఎండ పడే గుమ్మానికి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పాలిష్ తిరగవేసే ఓపిక లేకపోతే, కర్ర మీద ప్రేమ ఉన్నా రంగుకు ఒప్పుకోండి, లేదా వేరే మెటీరియల్ చూడండి.

ఫ్లష్ డోర్లు, అంటే రెండువైపులా చదునుగా ఉండి పైన వినీర్ (పల్చటి కర్ర పొర) అతికించినవి, బయటి గుమ్మానికి వాడాలంటే లోపల జిగురు వాటర్‌ప్రూఫ్ రకమై ఉండాలి. గదుల మధ్య వాడే రకం బయట పెడితే పొరలు విచ్చుకుంటాయి. నమూనా ముక్క అడిగి తెచ్చుకుని కొన్ని గంటలు నీళ్లలో ఉడకబెట్టండి. పొరలు విడిపోతే మీకు జవాబు దొరికినట్టే. అసలు నిండు కర్రా, పైన వినీర్ వేసిందా అని అనుమానమొస్తే పై అంచు చూడండి, గీతలు ముందువైపు నుంచి అంచు మీదుగా వెనక్కి కొనసాగుతున్నాయో లేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు స్టీలు. వాన జల్లు కొట్టే గుమ్మానికి, చెద భయం ఉన్న చోటికి, పాలిష్ చేయించే తీరిక లేని ఇంటికి స్టీలు తలుపు మంచి ఎంపిక. కర్రవాణ్ణయి ఉండి ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కాకపోతే "స్టీలు" అన్న మాట ఒక్కటే చాలదు. రేకు మందం గేజిలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 20 గేజి అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, 16 గేజి అంటే సుమారు 1.5. పల్చటి రేకు మీద పిల్లల సైకిల్ హ్యాండిల్ తగిలినా సొట్ట పడుతుంది, ఆ సొట్టను సరిచేయడం దాదాపు అసాధ్యం. లోపల ఏం నింపారో కూడా అడగండి. తేనెపట్టు ఆకారంలో అట్ట పెడితే తేలిక, తక్కువ ఖర్చు. ఫోమ్ నింపితే వేడి, చలి తక్కువగా లోపలికి వస్తాయి. వేలితో తట్టి వినండి, డొల్లగా డబడబ మోగితే లోపల ఏమీ లేదని అర్థం.

స్టీలు తుప్పు పట్టేది కోసిన అంచుల దగ్గర, తాళం కోసం తొలిచిన రంధ్రాల దగ్గర. జింక్ పూత వేసిన రేకైనా, సైటులో రంధ్రం చేస్తే ఆ అంచు నగ్నంగా మిగులుతుంది. తాళం బిగించేవాడు జింక్ ప్రైమర్ రాశాకే తాళం పెట్టాలి. రెండు నిమిషాల పని, పక్కన నిలబడి చేయించుకోండి. ఉప్పు గాలి తగిలే ఇంటికి స్టెయిన్‌లెస్ అనుకుంటే 304 కంటే 316 రకం మేలు. దానిలో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుకు అది బాగా తట్టుకుంటుంది. నేరుగా ఎండ పడే స్టీలు తలుపుకు ముదురు రంగు వద్దు. మధ్యాహ్నం పిడి పట్టుకోవడానికే కష్టమవుతుంది.

ఫైబర్‌గ్లాస్ వంగదు, ఉబ్బదు, కుళ్లదు, చెద తినదు. ఎండా వానా రెండూ దంచే గుమ్మానికి నేను ఇప్పుడు ఎక్కువగా చెప్పేది ఇదే. ఒక్కటే ఇబ్బంది, దీన్ని చిత్రిక పట్టి కొలత సరిచేయలేం. ఫ్రేము అరంగుళం అటూ ఇటూ ఉంటే కర్ర తలుపు సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు. ముందే మూడు చోట్ల వెడల్పు, మూడు చోట్ల ఎత్తు, మూల నుంచి ఎదురు మూలకు రెండు ఐమూల కొలతలూ తీసుకుని ఆర్డర్ ఇవ్వాలి.

డబ్ల్యూపీసీ (కర్ర పొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది), యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గురించి క్లుప్తంగా. నీళ్లకు, చెదకు రెండూ భయపడవు. ప్లాస్టిక్ కాబట్టి వేడికి సాగుతాయి. బాత్రూముకు డబ్ల్యూపీసీ చక్కగా సరిపోతుంది, ఎండ పడే వీధి గుమ్మానికి నేను పెట్టను. కాలం గడిచేకొద్దీ స్క్రూల పట్టు సడలి తలుపు కిందికి జారుతుంది. యూపీవీసీ అయితే లోపల ఉక్కు పట్టీ వేశారో లేదో చూసుకోండి. అల్యూమినియం తేలిక, ఎర్రటి తుప్పు ఉండదు, కానీ వేడిని ఉక్కు కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా లోపలికి పంపుతుంది. బయటి లోహానికీ లోపలి లోహానికీ మధ్య వేడిని ఆపే పట్టీ ఉన్న రకమే తీసుకోండి. తలుపులో అద్దం కావాలనుకుంటే లామినేటెడ్ అద్దం వేయించండి. టఫెన్డ్ అద్దం పగిలితే మొత్తం రాలిపోతుంది, లామినేటెడ్ పగిలినా పొరకు అంటుకుని నిలుస్తుంది.

అపార్ట్‌మెంట్ కారిడార్‌లో తెరుచుకునే తలుపు కథ వేరు. ఎండా వానా లేవు, కాబట్టి కర్ర హాయిగా ఉంటుంది. అయితే మీ భవనానికి ఫైర్ రేటింగ్ ఉన్న, అంటే మంటను ఇంతసేపు ఆపుతుందని పరీక్షించిన తలుపు తప్పనిసరేమో ముందు కనుక్కోండి. ఆ రేటింగ్ రెక్క, ఫ్రేము, బందులు అన్నీ కలిపిన సెట్‌కు ఇస్తారు. రెక్క ఒక్కటీ మార్చేస్తే అది వర్తించదు.

భద్రత కోసం మందమైన తలుపు కొని, ఫ్రేమును మాత్రం పల్చగా చేయించే వాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. తన్నితే విరిగేది రెక్క కాదు, గడియ దిగే చోట ఫ్రేము చీలుతుంది. అక్కడి ఇత్తడి పట్టీకి ముప్పావు అంగుళం స్క్రూలు ఇస్తారు. వాటిని తీసేయించి ఫ్రేము దాటి గోడలోకి దిగేలా 3 అంగుళాలవి వేయించండి, గోడ ఇటుకో కాంక్రీటో అయితే ప్లగ్గులతో. ఏ మెటీరియల్ తీసుకున్నా ఇది చేయాల్సిందే. బందులు కూడా బరువును బట్టి ఉండాలి. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం ఉన్న నిండు టేకు తలుపు 50, 60 కిలోలు తూగుతుంది. దానికి రెండు బందులతో పని కాదు, నాలుగు పెట్టించండి.

తలుపు వచ్చిన రోజు బిగించే హడావుడిలో పడకండి. గోడకు వాలుగా ఆనించి ఉంచితే వంపు తిరుగుతుంది, చదునైన చోట పడుకోబెట్టండి. ఒక మూల నుంచి ఎదురు మూలకు దారం లాగి పట్టుకుంటే వంపు ఉందో లేదో తెలుస్తుంది. అడుగు అంచును చేత్తో తడమండి, నార గరుకు తగలకూడదు. నేనైతే చివరి పూతకు ముందు పై అంచు మీద పెన్సిల్‌తో పాలిష్ వేసిన తేదీ, వాడిన పాలిష్ పేరు రాసి, దాని మీద పూత వేస్తాను. ఆ తర్వాత ఎప్పుడు ఎవరు బాగుచేయడానికి వచ్చినా, స్టూలెక్కి చూస్తే ఆ రెండు వివరాలూ అక్కడే కనబడతాయి.