తొలకరికి ముందు గోబర్ గ్యాస్ గుంత దగ్గర జాగ్రత్త

రోహిణి కార్తె అయిపోవస్తోంది, అందరం విత్తనాలు ఎరువులు అని తిరుగుతుంటాం గానీ ఇంటెనకాల గోబర్ గ్యాస్ ఉన్నోళ్లు ఒక పూట దానికి కూడా కేటాయించండి, ముసురు పట్టాక చేద్దామంటే కుదిరే పనులు కావివి.

పేడ ఎంతో నీళ్లూ అంతే, ఈ లెక్క అందరికీ తెలుసు. చూరు నీళ్లు తిన్నగా పేడ కలిపే తొట్టిలో పడితే ఆ లెక్క పోయి లోపలంతా పల్చబడి గ్యాస్ పడిపోద్ది, తొట్టి మీద ఒక రేకు వేసి చుట్టూ నాలుగు తట్టల మట్టితో చిన్న కట్ట వేస్తే చాలు. చల్లబడ్డాక గ్యాస్ ఎలాగూ కొంచెం తగ్గుద్ది, ప్లాంట్ పాడైందేమో అని కంగారుపడి విప్పకండి.

తర్వాత పైపు. పెద్ద సీబీజీ (శుద్ధి చేసి ఒత్తిడితో నింపే బయోగ్యాస్) ప్లాంట్లలో అయితే తేమ, కార్బన్ డయాక్సైడ్, కుళ్లు కోడిగుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అన్నీ తీసేసి మీథేన్‌ని 90 శాతం పైకి తెస్తారు. మనది పచ్చి గ్యాస్, మీథేన్ 60 శాతం అటూ ఇటూ, మిగతా సరుకంతా అలాగే పొయ్యి దాకా వచ్చేస్తుంది. ఆ తేమే పైపులో నీళ్లై పల్లంలో నిలబడుద్ది, మంట ఎగిరెగిరి పడుతుంటే కారణం ఎక్కువసార్లు అదే, వారానికోసారి వాటర్ ట్రాప్ (పైపులో నీళ్లు చేరే చోటు) విప్పి ఆ నీళ్లు వదిలేయండి. లీకు చూడాలంటే సబ్బు నురగ, అగ్గిపుల్ల కాదు. మా మావయ్య ఒకసారి పుల్ల గీసి కనుబొమ్మలు కాల్చుకున్నాడు, ఇప్పటికీ "చిన్న లీకేరా" అంటాడు! గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, జల్లు కొడుతోందని వంటింటి కిటికీలన్నీ బిగించేసుకునేది కూడా ఈ రోజుల్లోనే.

ఇక అసలు భయపడాల్సింది పేలుడుకి కాదు, గుంతలోకి దిగడానికి. అడుగున మట్టి పేరుకుంది, వానలకి ముందే ఎత్తేద్దాం అని ఒకరు దిగుతారు, పడిపోతారు, ఏమైందో చూద్దామని తమ్ముడు దిగుతాడు, అతని కోసం ఇంకొకరు. పైనుంచి చూస్తే ఖాళీ గుంతే, అడుగున ఉండేది విషపు గ్యాస్. వాసన రావట్లేదుగా అనుకోకండి, హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దగ్గరికొచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. లోపల గాలి బాగుందా అని కోడిని బుట్టలో దించి చూసే అలవాటుంది, నాకైతే దాని మీద నమ్మకం లేదు, కోడి బురద కెలకదు, మనం పార వేసి కెలికేసరికి అడుగున ఉన్న గ్యాస్ మళ్లీ లేస్తుంది. బయట నుంచే పంపుతో లాగించండి. ఎవరైనా పడిపోతే దిగకండి, 101కో 112కో ఫోన్ చేయండి, పక్కనోళ్లని కూడా ఆపండి.

ఇంకో సంగతి, నీటి ఊట పైకొచ్చే నేలల్లో ఈ టైంలో గుంత మొత్తం ఖాళీ చేయొద్దు. లోపల బరువు లేకపోతే కింద నీళ్లు పైకి తోసి కట్టడమే బీటలిస్తుంది. ఎండాకాలం మొదట్లో పెట్టుకోవాల్సిన పని అది, ఈసారికి వదిలేయండి.

బయట గుంతలో ఉన్న స్లర్రీ (గ్యాస్ వచ్చేశాక మిగిలే పేడ నీళ్లు) మాత్రం ఇప్పుడే తోడి చేలో చల్లేయండి, మొదటి వానకి పొర్లితే పోయేది పక్కింటి వాకిట్లోకే.